హారతి అయ్యేలోగా

మొన్న సాయంత్రం మా పాత బడి టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. "ఓవెన్ అక్కర్లేదు, అరగంట చాలు, ఖర్చు తక్కువ, ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనం" అని పైన రంగురంగుల అక్షరాలు. వంట చేసే అమ్మాయి చక్కగా ఉంది. ఆ అమ్మాయి వంటిల్లు ఇంకా చక్కగా ఉంది. ఓవెన్ అక్కర్లేదంటూనే వెనకాల గట్టు మీద ఇంత పెద్ద ఓవెన్‌ని బొమ్మల కొలువులో రాజుగారిలా కూర్చోబెట్టుకుంది. ఏలూరులో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని అది చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. పక్కనే పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తి "ఏంటోయ్ అంత నవ్వు?" అన్నారు. "అరగంటలో వంటటండీ" అన్నాను. "దాన్దేముంది, నువ్వు ఇరవై నిమిషాల్లో చేసేదానివిగా!" అని ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. మెచ్చుకోలుగానే అన్నారు పాపం. కానీ నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. 'తొందరగా వండుతుంది' అనే బిరుదు నాకు తాడేపల్లిగూడెంలో, కొత్త కోడలిగా ఉన్నప్పుడు వచ్చింది. శాలువా కప్పకుండా ఇచ్చే బిరుదులు కొన్ని ఉంటాయి. వాటిని తీసుకునేటప్పుడు కాస్త ఆలోచించుకోవాలి.

మా అత్తవారిది ఉల్లిపాయల టోకు వ్యాపారం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బజారు సంగతి మా జిల్లాలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. తెల్లవారకముందే లారీలు దిగేవి. పగలంతా బస్తాలు విప్పడం, ఏరడం, మళ్ళీ కుట్టడం. వీధి మొదట్లోకి రాగానే కళ్ళు చెమర్చేవి. పెళ్ళయిన కొత్తలో అది అత్తవారింటి బెంగ అనుకున్నాను గానీ సగం ఉల్లిఘాటే. మా మావగారిది ఒకటే శాసనం: అమ్ముడుపోయే సరుకు ఇంట్లోకి రాకూడదు. ఏరగా మిగిలినవి, మచ్చ పడ్డవి, మొలకెత్తినవి, ఒక పక్క మెత్తబడ్డవి మాత్రం సాయంత్రం ఒక గోనెసంచిలో ఇంటికి వచ్చేవి. రాత్రి వంట వాటితోనే. కూరగాయలు పొద్దుటి పూటకి కొంటారు. రాత్రికి కొనడమనే ఆచారం ఆ ఇంట్లో లేదు. "ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదమ్మా" అనేవారు మావగారు, సంచి నా ముందు పెడుతూ. నిజమే కావచ్చు. కానీ తల్లినైనా రోజూ రాత్రి భోజనంలోకి ఎవరూ పిలవరు.

అలా ఆ సంచి విప్పి, మచ్చలు కోసి అవతల పారేసి, మిగిలినదానితో ఏం చేయాలో చూసుకోవడం నా పని. ఉల్లిపాయ పులుసు, ఉల్లికారం, ఉల్లిపాయ పప్పు, మజ్జిగ పులుసులో ఉల్లిపాయలు, పెసరట్టు మీద ఉల్లిపాయలు, మొలకెత్తిన వాటి పచ్చని కాడలు తరిగి పెసరపప్పులో వేసిన కూర. ఏమీ తోచనినాడు పచ్చిపులుసు. దానికి పోపు తప్ప పొయ్యి పనే లేదు. చింతపండు పిసికి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి కలిపి, పైన పోపు పెడితే అయిపోతుంది. ఓవెన్ మాట దేవుడెరుగు, మాకున్నది రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఒకటి. అందులో రెండోది వెలిగిస్తే గ్యాస్ తొందరగా అయిపోతుందని దాని మీద ఎప్పుడూ ఒక గిన్నె బోర్లించి ఉండేది. శనివారం మాత్రం ఉల్లిపాయకు సెలవు. వెంకటేశ్వరస్వామి వారమని మావగారూ అత్తగారూ పగలు ఒక్కపొద్దు ఉండి, రాత్రి అన్నం మాని ఫలహారం తీసుకునేవారు. ఆ ఫలహారం చాలాసార్లు దిబ్బరొట్టె. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి గిన్నెలో నూనె వేసి, మూత పెట్టి, చిన్న సెగ మీద అరచెయ్యి మందాన కాల్చే రొట్టె. అందులో ఉల్లిపాయ పడకూడదు. ఆ రోజు ఉల్లిపాయ ముక్క వాసన తగిలినా ఆ పాత్ర పనికిరాదు. ఆరు రోజులు ఏది లేకపోతే ఆ ఇల్లు గడవదో, ఏడోరోజు అదే ఆ ఇంట్లో అంటరానిదైపోయేది.

పెళ్ళికి ముందే నేను బీఎడ్ ప్రవేశ పరీక్ష రాశాను. ఏలూరులో సీటు వచ్చిందని కబురు పెళ్ళయిన నెలకు వచ్చింది. మా నాన్నది భీమడోలు స్టేషను దగ్గర చిన్న కిరాణా కొట్టు. ఆడపిల్ల బడిపంతులమ్మ అవుతుందన్న మాట మా వంశంలో ఎవరూ అనగా నేను వినలేదు. కాబట్టి నాకు ఆ సీటు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. మావారు మంచివారు. అప్పుడూ మంచివారే. కానీ ఆ ఇంట్లో మంచితనానికి సంతకం పెట్టే అధికారం లేదు. మావగారు నన్ను హాల్లోకి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, లారీవాడితో మాట్లాడినంత నిదానంగా మాట్లాడారు.

"చదువుకోమ్మా. నేనేం అడ్డం రాను. పొద్దున్న వంట చేసేసి వెళ్ళు, రాత్రి వంటకి వచ్చెయ్యి. మీ అత్తయ్య చేత మాత్రం గరిటె పట్టించకూడదు. ఇన్నేళ్ళు వండి వండి అలిసిపోయింది, దానికిక విశ్రాంతి. సాయంత్రం హారతి అయ్యేసరికి వంట సిద్ధంగా ఉండాలి. ఒక్కరోజు వేళ తప్పినా ఆ రోజుతో చదువు సరి. సరేనా?"

"సరేనండీ మావయ్యగారూ" అన్నాను. ఎగిరి గంతెయ్యాలనిపించింది. అత్తగారు తలుపు చాటున నిలబడి ఉన్నారు. ఆవిడకి విశ్రాంతి కావాలో వద్దో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

హారతి సంగతి చెప్పాలి. మావగారు దీపాలు పెట్టే వేళకి కొట్టు నుంచి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుని, హాల్లో వాలుకుర్చీలో కూర్చునేవారు. అత్తగారు దేవుడి గదిలో సాయంత్రం పూజ ముగించి హారతి పళ్ళెం తెచ్చేవారు. ఆయన కళ్ళకద్దుకుని లేచి, తిన్నగా పీట మీదికి వచ్చేవారు. ఆ హారతికీ ఆ పీటకీ మధ్య గడప తప్ప ఇంకేమీ ఉండేది కాదు. పీట మీద కూర్చున్న మనిషి ముందు కంచం ఖాళీగా ఉండటమనేది ఆ ఇంటి చరిత్రలో లేదు.

కాలేజీ వదిలాక నేను పరుగున ఏలూరు స్టేషనుకు వచ్చి పాసింజరు ఎక్కేదాన్ని. అది ఎప్పుడు వస్తే అదే దాని వేళ. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, ఉంగుటూరు అంటూ ప్రతిచోటా ఆగి, ఎక్స్‌ప్రెస్సులకి దారి ఇచ్చి, గూడ్సులకీ దారి ఇచ్చి, ఎవరి మీదా కోపం లేని మనిషిలా నడిచేది. దాని శాంతం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. కొల్లేటి నుంచి వచ్చిన చేపల బుట్టలు మా పెట్టెలోనే ఎక్కేవి. బుట్టలవాళ్ళు "కాస్త సర్దుకోండమ్మా" అని ఎంతో మర్యాదగానే అడిగేవారు. కానీ బుట్ట చీర అంచుకి తగిలితే ఇంటికెళ్ళి తలస్నానం చేయందే నేను వంటింట్లో అడుగు పెట్టడానికి లేదు. కాబట్టి నేను ఒళ్ళో పుస్తకాలతో, కాళ్ళు ముడుచుకుని, కిటికీకి అంటుకుపోయి కూర్చునేదాన్ని. బయట పచ్చని చేలు, వాటి మీద తెల్లని కొంగలు. ఎంత అందమైన దారో ఇప్పుడు అందరూ అంటుంటారు. ఆ దారిలో ఏడాదిపాటు రోజూ తిరిగాను. నాకు గుర్తున్నది మాత్రం కిటికీ ఊచలు.

భీమడోలులో రైలు ఆగే ఆ కాసేపూ మా అమ్మ ప్లాట్‌ఫారం మీద ఉండేది. దిగడానికి వీల్లేదు, దిగితే రైలు పోతుంది. అమ్మ ఊచల్లోంచి చిన్న పొట్లం అందించేది. పొట్లంలో మిఠాయి ఉండేది కాదు. వలిచిన వెల్లుల్లి రెబ్బలు, గింజలూ ఈనెలూ తీసేసిన చింతపండు, కడిగి ఆరబెట్టిన కరివేపాకు. రాత్రి వంటలో వేళ్ళు నొప్పెట్టించేవీ వేళ తినేసేవీ ఆ పనులేనని ఆవిడకి తెలుసు. నాకు మా పుట్టింటివారు పెట్టిన సారెలో చీరలు ఎప్పుడో చిరిగిపోయాయి. ఆ వలిచిన వెల్లుల్లి మాత్రం ఇంకా గుర్తుంది. "తిన్నావా?" అని అడిగేది అమ్మ. నేను జవాబు చెప్పేలోగా రైలు కదిలేది.

గూడెంలో దిగి ఇంటికి వచ్చేసరికి చాలాసార్లు మావగారు అప్పటికే వాలుకుర్చీలో ఉండేవారు. దేవుడి గదిలోంచి అత్తగారి గొంతు వినబడుతుండేది. ఆ గొంతు వినబడినంతసేపూ నాకు గడువు ఉన్నట్టు. చెప్పులు విడిచి, కాళ్ళు కడిగి, చీర మార్చి, కుక్కర్ ఎక్కించి, అది కూత వేసేలోగా ఉల్లిపాయలు తరిగి, అన్నం దించగానే అదే మంట మీద మూకుడు పెట్టి, పోపు వేసి, పులుసు పోసి, అది కాగుతుండగా అప్పడాలు అందుకుని, కంచాలు కడిగి పెట్టేదాన్ని. నా చేతులు నాతో సంబంధం లేకుండా పని చేయడం నేర్చుకున్నాయి. రైలు పెట్టెలో ఉన్నప్పుడు పులుసు గుర్తొచ్చేది. పులుసు ముందు ఉన్నప్పుడు మర్నాటి పాఠం గుర్తొచ్చేది. రెండింటి మధ్యా నాకు ఊపిరాడేది కాదు. ఉల్లిపాయల వల్ల ఒక లాభం ఉంది, తరిగేటప్పుడు ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు. మావారు ఒకటి రెండుసార్లు వంటింటి గుమ్మంలోకి వచ్చి "నాన్నగారితో మాట్లాడనా?" అన్నారు. "ఏమని మాట్లాడతారండీ?" అన్నాను. ఆయన ఆలోచించి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

కొన్ని నెలలు గడిచాక ఒక సంగతి కనిపెట్టాను. రైలు సరిగ్గా వచ్చిన రోజున మా అత్తగారి పూజ నాలుగు పూలు, రెండు శ్లోకాలతో అయిపోయేది. రైలు కాస్త ఆలస్యమైతే అష్టోత్తరం. మరీ ఆలస్యమైతే సహస్రనామం. మా పెరటి వెనకే రైలు గేటు. గేటు పడే గంట, ఇంజను కూత దేవుడి గది కిటికీలోంచి స్పష్టంగా వినబడతాయి. ఆవిడ అవి వినేదాకా హారతి కర్పూరం డబ్బా మూత తీసేవారు కాదు. పూజలో ఉన్న మనిషిని మధ్యలో పిలవకూడదు గనక మావగారు ఎంత ఆకలేసినా వాలుకుర్చీలో కూర్చుని కాళ్ళూపుకోవలసిందే. ఆ ఏడాది మా అత్తగారి భక్తి మొత్తం రైలు రాకపోకల మీదే ఆధారపడి నడిచింది. ఒకరోజు ఉండబట్టలేక "ఇవాళ సహస్రనామం చదివారాండీ అత్తయ్యగారూ?" అని అడిగాను. "శుక్రవారం కదమ్మా" అన్నారావిడ, నా మొహం వైపు చూడకుండా. ఆ రోజు మంగళవారం.

ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒక్కసారి మాత్రం, నేను చెయ్యి కాల్చుకుంటే, మూకుడు దించబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నేను చెయ్యేశానంటే నీ చదువు పోతుందమ్మా. నాకు వంట రాక కాదు" అన్నారు. ఆ మాట అంటూ ఆవిడ తన రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నారు. నేను రైల్లో ఇరుక్కుంటే ఆవిడ విశ్రాంతిలో ఇరుక్కున్నారు. నాకు కనీసం రైలు కదిలేది.

చదువు చివరికొచ్చింది. రాతపరీక్షలు ఇంకా నెల్లాళ్ళున్నాయనగా, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు క్లాసులో పాఠం చెప్పి చూపించే పరీక్ష పడింది. అది శనివారం పడింది. మామూలుగా శనివారాలు ఒంటిపూట కాలేజీ గనక మధ్యాహ్నానికే ఇంటికి చేరి, తీరిగ్గా రొట్టె కాల్చేదాన్ని. ఆ రోజు సాయంత్రం దాకా ఉండాలి. దిబ్బరొట్టెతో ఒక చిక్కుంది, అది తొందర పడదు. మంట పెంచితే అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. అందుకని తెల్లవారుజామునే పప్పు రుబ్బి, రవ్వ కలిపి, గిన్నె మూత పెట్టి వెళ్ళాను. పాఠం బాగా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు కూడా. స్టేషనుకు వచ్చేసరికి వాన మొదలైంది.

పూళ్ళ దాటాక, ఊరూ స్టేషనూ లేని చోట రైలు ఆగిపోయింది. వాన హోరున కురుస్తోంది. ముందు పట్టాల పక్కన కాలువ పొంగిందని, కంకర చూసుకుని గానీ బండి కదలదని ఎవరో చెప్పుకుంటూ వచ్చారు. రెండు పక్కలా నీళ్ళే. ఏది చేనో ఏది చెరువో తెలియడం లేదు. కిటికీ రేకులు దించేశారు. లోపల చీకటి, చేపల వాసన, తడిసిన బట్టల ఆవిరి. ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏం తొందరమ్మా, ఎప్పుడోకప్పుడు వెళ్ళకపోతామా!" అంది. నాకు లేచి అరవాలనిపించింది. దిగి నడుద్దామని తలుపు దాకా వెళ్ళాను. మెట్టు కిందే నీళ్ళు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. అంత బాగా చెప్పిన పాఠం, ఏడాది చాకిరీ, పూజ పేరుతో అత్తగారు లాక్కొచ్చిన వేళ, అన్నీ ఆ నీళ్ళ మధ్య ఆగి ఉన్న పెట్టెలో నాతోపాటు కూర్చుని ఉన్నాయి. ఇంటి దగ్గర పొద్దుటి నుంచీ పస్తున్న ఇద్దరు పెద్దవాళ్ళు. ఇక అయిపోయిందనుకున్నాను. నా బతుకంతా ఇలా ఎవరి ఆకలికో ముందు పరుగెత్తడమేనా అనిపించి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను.

రైలు ఎలాగో కదిలింది. నేను తడిసి ముద్దయి ఇంటి గుమ్మం ఎక్కేసరికి మావారు వీధిలోనే నిలబడి ఉన్నారు. "వెళ్ళు వెళ్ళు, అమ్మ ఇంకా పూజలోంచి లేవలేదు" అన్నారు గొంతు తగ్గించి. హాల్లో మావగారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు, కాళ్ళు ఊపడం కూడా మానేశారు. దేవుడి గదిలోంచి అత్తగారి గొంతు బొంగురుపోయి వినబడుతోంది. అష్టోత్తరం అయింది, సహస్రనామం అయింది, అది మళ్ళీ ఒకసారి అయింది, ఇప్పుడు మా ఇంట్లో పటం కూడా లేని దేవుళ్ళని ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలుస్తున్నారు. నేను తలమీద రెండు చెంబులు గుమ్మరించుకుని, పొడిచీర చుట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. గిన్నె పొయ్యి మీద పెట్టాను, నూనె పోశాను. మనసంతా ఆ బొంగురు గొంతు మీదే ఉంది, అది ఆగకూడదు, అది ఆగకూడదు అనుకుంటూ. చేతులు మాత్రం వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి. పిండి గిన్నెలో పోసి, మూత పెట్టి, సెగ తగ్గించి, ఊపిరి పీల్చుకునేసరికి వాసన వచ్చింది.

నూనెలో ఉల్లిపాయ వేగుతున్న కమ్మటి వాసన. నేను కిందికి చూశాను. కత్తిపీట వాల్చి ఉంది. దాని పక్కన ఉల్లిపొట్టు. ఆరు రోజుల అలవాటు ఏడోరోజుకి సెలవివ్వలేదు. ఎప్పుడు తరిగానో, పిండిలో ఎప్పుడు కలిపానో నాకే తెలియదు. వాసన వంటిల్లు దాటింది, హాలు దాటింది, దేవుడి గదిలోకి వెళ్ళింది. మధ్యలో ఏదో దేవుడి పేరు సగంలో ఆగిపోయింది. రొట్టె ఒక్కటే చిన్నగా చిటపటలాడుతోంది.

"అమ్మాయ్" అన్నారు మావగారు హాల్లోంచి. "ఇవాళ ఏ వారం?"

నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. "చదువు ఎక్కువైతే వారాలు తెలియవన్నమాట. సరేలే అమ్మా. సోమవారం నుంచి రైలెక్కనక్కర్లేదు" అన్నారు.

అప్పుడు దేవుడి గదిలో గంట మోగింది. అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చారు. మనిషి తూలుతున్నారు. మావగారి ముందు నిలబడి "కళ్ళకద్దుకోండి" అన్నారు. ఆయన అద్దుకున్నారు. పళ్ళెం పక్కన పెట్టి, బొంగురు గొంతుతోనే, ఎంతో మెల్లిగా మొదలుపెట్టారు.

"హారతి ఇప్పుడే ఇచ్చానండీ. అప్పటికే రొట్టె పొయ్యెక్కింది, మీరు పీట మీదికి వచ్చేసరికి కంచంలో ఉంటుంది. నేను గరిటె ముట్టుకోలేదు. మరి వేళ తప్పిందంటారా?"

"వేళ సంగతి ఎవరన్నారు? శనివారం పూట ఉల్లిపాయ..."

"అమ్మాయితో మీరాడిన బేరంలో ఉల్లిపాయ ఊసు లేదండీ. వేళ గురించే అన్నారు. తలుపు దగ్గర నేనూ విన్నాను. బేరమయ్యాక షరతు కలపడం కోమటి లక్షణం కాదని బజార్లో మీరే కదండీ అందరికీ చెబుతారు?"

నోటిమాట మీద లారీలకి లారీలు దింపించుకునే మనిషి మా మావగారు. మాట తిరగేస్తే రేపు బజార్లో మొహం చూపించలేరు. ఎవరూ చూడకపోయినా తనకి తాను చూపించుకోలేరు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. "సరే. పాలు వెచ్చబెట్టమ్మా, రెండు అరటిపళ్ళు పట్రా" అన్నారు. అత్తగారు కూడా పాలే తాగారు. ఆ రొట్టె ఆ ఇద్దరికీ పనికిరాకుండా పోయింది. మావారూ నేనూ వంటింట్లో కింద కూర్చుని తిన్నాం. భయంతో పొయ్యి దగ్గరికి వెళ్ళకపోవడం వల్ల అది దాని నిదానాన అది కాలి, అడుగు ఎర్రగా, లోపల దూదిలా వచ్చింది. చెప్పడానికి సిగ్గే గానీ, అంత బాగా నాకు మళ్ళీ ఎప్పుడూ కుదరలేదు.

రాతపరీక్షలు రాశాను. పాసయ్యాను. ఆ తర్వాత కొంతకాలానికి ఉద్యోగం కూడా వచ్చింది, కామవరపుకోట పక్కన మెట్ట ఊళ్ళో. కాగితం తెచ్చి మావగారి చేతిలో పెట్టి దండం పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివారు. నిజంగా సంతోషించారు. తలమీద చెయ్యి పెట్టి "మంచిదమ్మా, మన ఇంటికి పేరు తెచ్చావు. రాత్రి వంట వేళకి అవుతుందిగా?" అన్నారు.

"అవుతుందండీ" అనేశాను నేను, ఉత్సాహంలో. అప్పుడు అత్తగారి మొహం చూశాను. మాట గెలిచిన రోజున తూలిపోతూ కూడా నిటారుగా నిలబడిన మనిషి, ఆ రోజు గోడకి ఆనుకుని అలా కిందికి జారి కూర్చుండిపోయారు. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే అన్నారు. "బేరమాడిన రోజే అడగాల్సిందమ్మా, ఎప్పటిదాకా అని. నువ్వంటే చిన్నదానివి. నాకైనా తోచలేదు." నేను "దాన్దేముందండీ అత్తయ్యగారూ, అరగంట పని" అన్నాను. అదే మా ఇంట్లో అందరూ అనుకున్నది. అరగంటలో అయిపోయే పనికి ఇంకొకరు చెయ్యి వేయడం ఎందుకు? నేను నాలుగు గంటలు కష్టపడి వండి ఉంటే ఎవరికైనా జాలి కలిగేదేమో. నేను వేగంగా చేసి చూపించాను, అది పనే కాదని రుజువు చేశాను. నా సంకెలని నేనే తోముకుని మెరిపించుకున్నాను.

మెట్ట ఊరి నుంచి బస్సులో, తర్వాత పెదపాడు నుంచి ఆటోలో, ఆ తర్వాత ఏలూరులోనే నడిచి, ఎక్కడ పని చేసినా సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవగానే కుక్కర్ ఎక్కించాను. మధ్యలో మావగారు పోయారు. కొట్టు మూసేసి ఏలూరు వచ్చేశాం. ఉల్లిపాయలు మచ్చ లేనివి కొనుక్కుని తినే రోజులొచ్చాయి. అత్తగారు చివరిదాకా నా దగ్గరే ఉన్నారు. పోయేముందు కొన్నాళ్ళు మనుషుల్ని సరిగ్గా గుర్తుపట్టేవారు కాదు. ఒక సాయంత్రం నేను బడి నుంచి రాగానే నా చెయ్యి పట్టుకుని "ఎవరమ్మాయివి, ఎందుకలా రొప్పుతున్నావ్? కూర్చో" అన్నారు. ఎవరో దారినపోయే అమ్మాయి అనుకుని అన్న మాట. కూర్చున్నాను. కాపురానికి వచ్చాక సాయంత్రం పూట నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడే. కుక్కర్ ఎక్కించడం ఆ రోజు కాస్త ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అనలేదు. అనరని నాకు అన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు, నేను అడిగీ చూడలేదు.

నేను రిటైరై చాలాకాలమైంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా కాలమంతా నాదే. మావారు ఏది పెట్టినా తింటారు, ఎప్పుడు పెట్టినా తింటారు. బయట తెప్పిద్దామని ఆయనే అంటారు. అయినా దీపాలు పెట్టే వేళకి గుండె దడదడలాడుతుంది, కాళ్ళు వాటంతట అవే వంటింట్లోకి నడుస్తాయి. ఇరవై నిమిషాల్లో పొయ్యి ఆర్పి, గట్టు తుడిచి, కంచాలు పెట్టి, ఇంకా ఆకలే వేయని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. మనకి వేళ పెట్టినవాళ్ళు వెళ్ళిపోతారు. ఆ వేళ మాత్రం మన ఒంట్లోనే కాపురం ఉండిపోతుంది.